నెత్తురుబడిలో తరవాణి కుండ

మొదటి రోజు

నా పేరు మజ్జి ఎర్రయ్యమ్మ. మా ఆయన పేరు సన్యాసి, పోయి పద్దెనిమిదేళ్ళు. నా వయసు డెబ్బై నాలుగు. ఉండేది మెరకపేట ఆరో మేడ, రెండో అంతస్తు, పదకొండో గది. ఇంట్లో ముగ్గురం: నేను, నా తోడికోడలు రవణమ్మ, మా అత్త ఇచ్చిన తరవాణి కుండ. కుండని మనుషుల లెక్కలో ఎందుకు వేస్తున్నావని మాస్టారు కలం ఆపి అడిగారు. రాయమన్నాను. రాశారు.

మాస్టారంటే ఎదురు గదిలో ఉండే ముదిలి గంగాధరం గారు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే ఆయన పుస్తకాల భాషలోకి సాపు చేసి రాస్తున్నారు. ఎవరు ఏమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే రాయాలని ముందే ఒప్పించాను.

"అందులో తప్పులుంటాయి కదా ఎర్రయ్యమ్మా," అన్నారు.

"మా నోట్లో తప్పులతోటి నీకేటి పని బావూ? నువ్వు రాయి."

ఈ రోజుల్లో కాగితం మీద వాంగ్మూలం ఎవరూ ఇవ్వరు. సూది మిషనులో వేలు పెడితే చాలు. మనిషి పుట్టిన దగ్గర్నుంచి ఎన్ని జ్వరాలు పడ్డాడో, ఎన్ని టీకాలు పొడిపించుకున్నాడో అంతా నెత్తురు గుర్తు పెట్టుకుంటుందట. ఏ ఇద్దరి గుర్తులూ ఒకలా ఉండవట. మిషను ఆ గుర్తులు చదివి మనిషి పేరు చెబుతుంది. పది నెలల కిందట నాకు కొత్త నెత్తురు పట్టించారు. దానికి ఏ జ్వరమూ గుర్తు లేదు. అప్పట్నుంచి గేటు దగ్గర నేను వేలు పెట్టినప్పుడల్లా మిషను ఒకటే మాట అంటుంది: "శిశువు. పేరు నమోదు కాలేదు. తల్లిని పిలవండి."

మా అమ్మ పోయి నలభై ఏళ్ళు. ఎక్కడని పిలవను? రేషన్లో అన్నం పొట్లాలు ఆపేసి పాలపొడి ఇస్తున్నారు. పోయిన నెల పోలియో చుక్కలకి రమ్మని కబురొచ్చింది. వెళ్ళి నా నోరు తెరిచి చూపించాను. చుక్కలు వేసే అమ్మాయి భయపడి పారిపోయింది.

అలాంటివాళ్ళ కోసం పాత చట్టంలో ఒక దారి ఉందని మాస్టారు వెతికి పట్టుకున్నారు. మిషను గుర్తుపట్టని మనిషి నోటితో చెప్పి, వేలిముద్ర వేసి, సాక్షుల పేర్లు పెడితే చెల్లుతుంది. అందుకే ఈ రాత.

ఇక సంగతి. నిన్న శుభ్రత బోర్డు నుంచి మా డాక్టరమ్మకి తాఖీదు వచ్చింది. ఆవిడ పేరు చందక సువర్చల. ముప్పై ఏళ్ళుగా నెత్తురుబడి నడుపుతోంది. దానికి గుమ్మం పలక మీద పెద్ద పేరే ఉంది కానీ ఊరంతా నెత్తురుబడి అనే అంటాం, అక్కడ చేసేది నెత్తురుకి చదువు చెప్పడమే కాబట్టి. నా మీద ఫలించిన వైద్యాన్ని మరో నాలుగు ఊళ్ళలో పన్నెండు మందికి చేశారట. ఒక్కరికీ పట్టలేదు. దాచి ఉంచిన పాత నెత్తురే మళ్ళీ ఎక్కించి ఇళ్ళకి పంపారు. అంటే డాక్టరమ్మ లెక్కలు కల్పించి రాసిందని బోర్డు అంటోంది. నలభయ్యో రోజున విచారణ. తప్పు రుజువైతే ఆవిడ పట్టా రద్దు, ముప్పై ఏళ్ళ నోటుపుస్తకాలు కొట్టివేత, వైద్యం కోసం పేర్లు రాయించుకున్న అరవై మంది వెనక్కి.

ఆవిడ అబద్ధం రాయలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఎలా తెలుసో చెబితే నా కుండ పోతుంది. ఇవాళ్టికి ఇంతే.

రెండో రోజు

పొద్దున్న లేస్తూనే రవణమ్మ మొదలుపెట్టింది.

"సెప్పీసినావంటే కుండ పగలగొడతారు అప్పా. రేషను కార్డు కోసేత్తారు. ఇద్దరం ఏటి తింటాం, నీ పాలపొడా?"

"నోర్ముయ్యే. ఆ పిల్ల బతుకు పోతంటే కుండ కావాలేటి నీకు?"

"కుండ నీ ఒక్కద్దానిదేటి? అత్త ఇద్దరికీ ఇచ్చింది."

అది నిజం. సముద్రం పైకొచ్చిన ఏడు అందరూ పెట్టెలు, బీరువాలు మోసుకుని మెరక మీదికి ఎక్కితే మా అత్త ఈ కుండని నెత్తిన పెట్టుకుని ఎక్కింది. రోజూ రెండు గరిటెల పులిసిన నీళ్ళు తీయడం, పిడికెడు అన్నం, చల్లారిన గంజి వేయడం. అడుగు ఏనాడూ ఆరనివ్వలేదు. అత్తకి వాళ్ళత్త ఇచ్చిందట. నీళ్ళు మారాయి, కుండలు కూడా రెండు మారాయి, తరవాణి మాత్రం అదే.

తర్వాత జ్వరాల ఏళ్ళు వచ్చాయి. ఊళ్ళు సగమయ్యాయి. అప్పుడు పుట్టింది శుభ్రత బోర్డు. పులిసినది ఏదీ ఇంట్లో ఉండకూడదని రూలు పెట్టింది. పెరుగు లేదు, ఇడ్లీ పిండి లేదు, ఊరగాయ లేదు. అంతా ఉడికించి మూత బిగించిన పొట్లాలే. జ్వరాలు తగ్గాయి. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కొత్త రోగాలు వచ్చాయి. ఒకరికి కీళ్ళు, ఒకరికి చర్మం, ఒకరికి పేగులు. ఎవరి నెత్తురు వాళ్ళనే కొరుక్కుతినడం.

నాకు కీళ్ళు. మూడేళ్ళు చీపురు పట్టుకోలేకపోయాను, అయినా నెత్తురుబడిలో నా పనికి ఎలాగో కాళ్ళీడ్చుకుంటూ పోయాను; చివరికి మంచాన పడ్డాను. డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుని చెప్పింది.

"మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు పిన్నీ. పనిలేక, దొంగెవరో దొరెవరో మర్చిపోయి ఇంట్లోవాళ్ళనే కొడుతున్నారు. వాళ్ళందరినీ పంపించేస్తాను. నీ మూలుగలోంచే మూలకణాలు తీసి పెట్టాను. వాటి నుంచి కొత్త కాపలావాళ్ళు పుడతారు."

"ఆలకి మాత్రం ఎవలు మనోల్లో ఎలా తెలుస్తాది?"

"అది నేర్పడమే నా ముప్పై ఏళ్ళ పని," అంది నవ్వుతూ.

ఇరవై ఒక్క రోజులు అద్దాల గదిలో పెట్టారు. పురుడు అని ఎగతాళి చేసింది రవణమ్మ. లోపలికి పోయేముందు ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు: పొట్లాల్లో ఉన్నది తప్ప మరేదీ నోట పెట్టనని. పెట్టనన్నాను. అయిదో రోజుకి నోరు చచ్చిపోయింది. ఆ గది తుడిచే పని రవణమ్మదే. వేణ్ణీళ్ళ ఫ్లాస్కులో తరవాణి తెమ్మన్నాను. తెచ్చింది. రోజూ తెచ్చింది.

ఇరవై ఒకటో రోజున నా అంతట నేను లేచి నడిచాను. డాక్టరమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను కానీ ఫ్లాస్కు మాట ఎత్తలేదు.

నాలుగో రోజు

ఇవాళ చెప్పేశాను. మధ్యాహ్నం నెత్తురుబడికి వెళ్ళి, నోటుపుస్తకాల మధ్యలో తల పట్టుకు కూర్చున్న డాక్టరమ్మ ముందు ఫ్లాస్కు పెట్టాను. మూత తీసి వాసన చూసింది. మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇదేంటి?"

"తరవాణి. అద్దాల గదిలో తాగినాను."

"ఎన్నిసార్లు?"

"రోజూ."

"ఎంత?"

"అర గ్లాసు. ఆదివారం గ్లాసుడు."

"ఆదివారం ఎందుకు ఎక్కువ?"

"ఆదివారం రవణ ఉల్లిపాయి కూడా తెచ్చింది."

డాక్టరమ్మ లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళ నా కొలువులో ఆవిడ నా మీద గొంతెత్తడం ఇదే మొదలు.

"చచ్చిపోయేదానివి పిన్నీ! అప్పుడు నీ ఒంట్లో కాపలా ఒక్కడు లేడు. ఆ గ్లాసులో ఎన్ని కోట్ల సూక్ష్మజీవులున్నాయో తెలుసా? ఇంకెవరైనా అయితే రెండో రోజుకే పోయేవారు!"

"నాను పుట్టిన కాడ్నుంచీ అయ్యి నా కడుపులోనే ఉన్నాయి పాపా. ఆటికి నానెరుకే."

తిట్టడానికి నోరు తెరిచింది. మూసింది. కుర్చీలో కూర్చుంది. అద్దాల గదివైపు చూసింది. ఎంతో నెమ్మదిగా అడిగింది.

"పిన్నీ. ఎలకలకి కూడా పోశావా?"

నేను నెత్తురుబడిలో చేసేది ఎలకల గది పని. గూళ్ళు కడగడం, పొట్టు మార్చడం, మేత వేయడం. ఆ మేత అట్టముక్కల్లా ఉంటుంది. కొత్త నెత్తురు పట్టించిన ఎలక మూలకి ముడుచుకుని పడుంటే చూడలేం. తరవాణిలో నానిన నాలుగు మెతుకులు వేస్తే లేచి కూర్చుని చేతులతో తింటుంది.

నేను గోడకున్న గడియారం వైపు చూశాను.

"ఎప్పట్నుంచి?" అంది.

"వొచ్చిన కాడ్నుంచే."

ఆరో రోజు

డాక్టరమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ కబురంపింది. వెళ్ళేసరికి నేల మీద ముప్పై నోటుపుస్తకాలు పరిచి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జుట్టు దువ్వుకోలేదు.

"కూర్చో. విను. నేనిక్కడికి వచ్చాక మొదటి ఎనిమిదేళ్ళలో ఒక్క ఎలకకీ కొత్త నెత్తురు పట్టలేదు. తొమ్మిదో ఏట పట్టింది. ఆ నెలలోనే నేను ఏడో నంబరు ద్రవం కనిపెట్టాను. అదే కారణమనుకున్నాను. ఆ ద్రవం మీద పదహారు పెద్ద వ్యాసాలు రాశాను. బహుమతి ఇచ్చారు. శాలువా కప్పారు." వేలు పెట్టి చూపించింది. "నువ్వు పనిలో చేరింది ఆ నెల మూడో తారీకు."

ఇంకో పుస్తకం తెరిచింది.

"పదిహేనో ఏట ఆరు వారాలు ఒక్కటీ పట్టలేదు. కరెంటు సరిగ్గా లేక అని రాశాను. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"కాలు ఇరిగి ఇంటికాడున్నాను."

"అవును. సెలవు చీటీ మీద నా సంతకమే ఉంది."

అంతా అర్థమైంది. ఇరవై రెండేళ్ళు జాలిపడి పెట్టిన మెతుకులతో ఈ పిల్ల చదువంతా తప్పుదారి పట్టించాను. ఆ మాటే అన్నాను. బోర్డు వాళ్ళ ముందు నన్ను నిలబెట్టు, నా కార్డు కోయించు, నీ మీద మాట పడనీయకు అన్నాను.

ఆవిడ నావైపు వింతగా చూసింది. "తప్పుదారి కాదు పిన్నీ. దారి అదే. దారి పేరే నేను తప్పు రాశాను. పరాయివాళ్ళ మొహం చూడని కాపలావాడికి మనవాళ్ళెవరో ఎలా తెలుస్తుంది? నేను వాళ్ళని ఖాళీ గదిలో కూర్చోబెట్టి పాఠం చెబుతున్నాననుకున్నాను. పాఠం నీ కుండ చెప్పింది."

"మరి ఏడో నంబరు నీల్లో?"

"ఏడో నంబరు నీళ్ళు నీళ్ళే," అని పుస్తకం మూసింది. ఇరవై రెండేళ్ళు పెంచిన పేరు. నేను ఆవిడ జుట్టు ముడివేశాను. వద్దనలేదు.

ఏడో రోజు

పరీక్ష మొదలు. నలభై ఎలకలు. అన్నిటికీ పాత నెత్తురు తీసి కొత్తది పట్టించారు. ఇరవైకి తరవాణి, ఇరవైకి ఉత్త మేత. ఇరవై ఒక్క రోజులు. ఎలకల గది తాళంచెవి డాక్టరమ్మ నా నడుముకున్న గుత్తిలోంచి తీసేసుకుంది.

"నమ్మకం నేదేటి నా మీద?"

"నీ మీద ఉంది పిన్నీ. నీ చెయ్యి మీద లేదు."

ఇరవయ్యో రోజు

గండం వచ్చింది. ఉత్త మేత తినే ఎలకల్లో పదహారు ముడుచుకుని ఉన్నాయి. అనుకున్నట్టే ఉంది. కానీ కిటికీ పక్క గూట్లో నాలుగు నున్నగా మెరుస్తూ తిరుగుతున్నాయట. డాక్టరమ్మ నన్ను పిలిచి ఆ గూడు చూపించింది. మనిషి పాలిపోయి ఉంది.

"ఈ నాలుగింటికీ తరవాణి లేకుండానే పట్టిందంటే నీ కుండ కూడా కారణం కాదు. ఇంకేం చెప్పను బోర్డుకి? నిజం చెప్పు, నువ్వు గానీ..."

"కుండ మీద ఒట్టు. ఈ గుమ్మం తొక్కనేదు."

ఇంటికొచ్చి రవణమ్మకి చెప్పాను. అది వెంటనే వంగి లేని చెత్త ఊడ్వడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళు ఒకే గదిలో ఉన్నాం, దాని వీపు చూసి చెప్పగలను.

"ఒలే రవణా. ఇటు తిరుగు."

తిరగలేదు. "కిటికీ ఊసల్లోంచి మూతులెట్టి సూత్తన్నాయప్పా. పక్క గూట్లోవి తింతంటే ఇయ్యి సూత్తన్నాయి. మనిసినా, పసువునా? నాలుగు మెతుకులేసినాను."

"ఎన్ని రోజులు?"

"రోజూ."

చెవి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఇద్దరం తలలు వంచుకుని నిలబడ్డాం. అంతా విని డాక్టరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాం. భుజాలు ఊగుతున్నాయి. తీరా చేతులు తీస్తే నవ్వు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత కలం తీసి నోటుపుస్తకంలో రాసి మాకు చదివి వినిపించింది: "కిటికీ పక్క గూడు, నాలుగు ఎలకలు. అదనపు కారణం: రవణమ్మ."

"నా పేరు పుస్తకంలోకెక్కిందేటి?" అని రవణమ్మ దారి పొడుగునా మురిసిపోయింది. తిట్లు తిన్న సంగతే మర్చిపోయింది.

ఇరవై తొమ్మిదో రోజు

పరీక్ష నిన్నటితో అయింది. తరవాణి తిన్న ఇరవైలో పద్దెనిమిదింటికి కొత్త నెత్తురు పట్టింది. రవణమ్మ పెట్టిన నాలుగింటికి నాలుగూ పట్టాయి. పదహారు ఉత్త ఎలకల్లో ఒక్కదానికీ లేదు. వాటికి పాత నెత్తురు తిరిగి ఇచ్చేశారు, బతికే ఉన్నాయి. డాక్టరమ్మ అంతా కాగితం మీద పెట్టి, ఏడో నంబరు ద్రవం తన పొరపాటని కూడా రాసి, బోర్డుకి పంపుతానంది.

"కుండ మాట రాయకుండా కుదరదు పిన్నీ. రేపు వచ్చి సీలు వేస్తారు. సీలు వేసేముందు శుభ్రత పొడి చల్లుతారు, దాంతో తరవాణి చచ్చిపోతుంది. నన్ను తిట్టుకో."

తిట్టుకోలేదు. ఇంటికొచ్చి మాస్టారి చేత మేడలో ఉన్న గిన్నెలు, చెంబులు, మరచెంబులు అడిగి తెప్పించాను. సాయంత్రం అయ్యేలోగా నలభై మూడు గదులకి తలా ఒక గరిటెడు పంచాం. ఎలా పెంచాలో రవణమ్మ గుమ్మం గుమ్మానికీ చెప్పింది. మాస్టారు తన వాటా మరచెంబులో పట్టుకుని మెల్లిగా అన్నారు: "పదేళ్ళుగా ఈ వాసన నాకు తెలుసమ్మా. మీరేనాడూ పిలవలేదు."

సిగ్గేసింది. ఇంకో గరిటెడు పోశాను.

ముప్పయ్యో రోజు

బోర్డు అధికారి కృపానందం గారు వచ్చారు. ఈ మేడలోనే మూడో అంతస్తులో తల్లితో ఉంటారు, అయినా ఎరగనట్టు నా పేరు అడిగారు. మనిషి మాట్లాడుతున్నంతసేపూ మోచేతులు గోక్కుంటూనే ఉన్నారు. కుండలో తెల్లపొడి గుప్పెడు చల్లి, మూత బిగించి, లక్క పోసి తీసుకుపోయారు. అత్త చేతి కుండ మెట్లు దిగుతుంటే రవణమ్మ గుమ్మంలో కూలబడింది. నేను కూలబడలేదు. నిలబడి చూశాను.

నలభయ్యో రోజు

ఇవాళ విచారణ జరిగింది. బోర్డు హాల్లో జనం నిండిపోయారు. మాస్టారు ఇప్పటిదాకా రాసినదంతా చదివారు, నలభై మూడు గదుల సంగతి ఉన్న చోట మాత్రం నేను చెప్పినట్టే రెండు పేజీలు కలిపి తిప్పేశారు. కృపానందం గారు కుండ సీలు తీయించి చూపించారు.

"పరీక్ష చేయించాం. ఇందులో ప్రాణమున్నది ఏదీ లేదు. ఉత్త నీళ్ళు. వీళ్ళు చెప్పేది నిజమనుకోవాలంటే బతికున్న తరవాణి మా ఎదుట ఉండాలి. ఎలకల లెక్క ఒక్కటే చాలదు. ఎర్రయ్యమ్మా, ఇది ఇంకెవరింట్లోనైనా ఉందా?"

డాక్టరమ్మ నావైపు చూసింది. చెబితే నలభై మూడు కార్డులు పోతాయి. చెప్పకపోతే ఆవిడ పట్టా పోతుంది. ఆవిడే తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని.

"ఉన్నాదో నేదో నానెరగను బావూ," అన్నాను.

"అయితే బోర్డు నిర్ణయం..." అని ఆయన కాగితం అందుకున్నారు.

అప్పుడు మూడో వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. కృపానందం గారి తల్లి సువార్తమ్మ. సంచీలోంచి స్టీలు టిఫిను తీసి మూత విప్పింది. వాసన హాలంతా నిండింది.

"ఇదిగో నాయినా. బతికే ఉన్నాది."

"అమ్మా! ఇది నీకెక్కడిది?"

"మనింట్లోదే. పది రోజులబట్టి పొద్దుట నువ్వు తాగుతన్నది ఇదే. జీలకర్రేసి కొత్త పొట్లం అన్జెప్పి ఇత్తన్నాను."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కృపానందం గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ చెయ్యి చూశాను. ఇందాకట్నుంచీ ఒక్కసారి కూడా మోచేయి గోక్కోలేదు ఆయన. సువార్తమ్మ కూడా అదే చూపించి "గోకుడేదిరా?" అంది. అది తరవాణి వల్లేనా అని నేను డాక్టరమ్మని చెవిలో అడిగాను. ఇరవై ఒక్క రోజులు నిండకుండా తనేమీ అననంది. ఆ మనిషి మారదు.

టిఫిను అక్కడికక్కడే పరీక్షకి పంపారు. బతికే ఉందని తేలింది. ఇంటికో కార్డు కోయాలంటే మొదట తన కార్డే కోయాలి కాబట్టి కృపానందం గారు మిగతా ఇళ్ళ సంగతి అడగలేదు. డాక్టరమ్మ కల్పించి రాయలేదని, తెలియక పొరబడిందని తీర్మానించారు. పట్టా ఉంటుంది. నోటుపుస్తకాలు ఉంటాయి. రెండేళ్ళలో పరీక్షలన్నీ తరవాణితో మళ్ళీ చేసి చూపించాలి. అరవై మందీ వాళ్ళ వరసలో వాళ్ళు ఉంటారు.

"కానీ రూలు రూలే," అన్నారు ఆయన. "పులిసినది దాచినందుకు, వేలిముద్ర వేసి మాట తప్పినందుకు ఈవిడ మీద కేసు రాయాలి. మిషనులో వేలు పెట్టమ్మా."

పెట్టాను. నిండు హాల్లో మిషను గట్టిగా అంది: "శిశువు. పేరు నమోదు కాలేదు. తల్లిని పిలవండి."

ఆయన రూలు పుస్తకం ఈ చివర్నుంచి ఆ చివరికి తిరగేశారు. శిశువు మీద కేసు పెట్టే రూలు అందులో లేదు. "మరి శిశువు చెప్పిన వాంగ్మూలం చెల్లుతుందా?" అని తనలో తానే అనుకుంటున్నారు.

పది నెలలుగా నన్ను గేటు గేటు దగ్గరా ఏడిపించిన మిషను అది. మొదటిసారి దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"మాటేమో డెబ్బై నాలుగేళ్ళ దాని మాటగా తీసుకో బావూ," అన్నాను. "సిచ్చేమో పది నెలల దానికి రాసుకో."

అలాగే రాసుకున్నారు.

బయటికొచ్చాక డాక్టరమ్మ ఎలకల గది తాళంచెవి నా గుత్తికి మళ్ళీ తగిలించింది. చెప్పకుండా ఎవరికీ ఏమీ పెట్టనని మాటివ్వమంది. మాటిచ్చాను. కాగితం మీద వేలిముద్ర వేస్తావా అంది. అది మాత్రం వేయనన్నాను. ముద్ర వేసి తప్పిన మాట ఒకటి చాలు నాకు.

ఈ కాగితం మీద వేస్తున్నాను. ఇందులో తప్పిన మాట లేదు. నా వయసు దిద్దాలని మొదట్లో అడుగుదామనుకున్నాను, ఇప్పుడు తొందరేమీ లేదు. అన్నం పొట్లాలు మాత్రం వెంటనే ఇప్పించాలి, కొత్త కుండకి అన్నం కావాలి. పాలపొడి కూడా ఆపొద్దు. రవణమ్మకి అలవాటైపోయింది.

మజ్జి ఎర్రయ్యమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
ముదిలి గంగాధరం, రాసినవాడు.
మజ్జి రవణమ్మ, ఫ్లాస్కు మోసినది, వేలిముద్ర.
సువార్తమ్మ, మూడో అంతస్తు, టిఫినుతో సహా.